చీపురుబండి సోలాంజ్

షాంబ్రెల్ సైకిలు సంఘంలో ఎవరినైనా అడిగి చూడండి. చీపురుబండి ఎక్కినవాడు తమలో ఒక్కడూ లేడని గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతారు. ఏటా జూన్‌లో సంఘం జరిపే సైకిలు యాత్రలో అందరికంటే వెనక, మనిషి నడకకంటే కాస్త ఎక్కువ వేగంతో వస్తుంది ఆ తెల్ల వ్యాను. దాని వెనక తలుపుకి నిజం చీపురే కట్టి ఉంటుంది. కాళ్ళు చచ్చుబడినవాణ్ణి, చైను తెగినవాణ్ణి, ఫలహారం దగ్గర వైను రెండో గ్లాసు దాటినవాణ్ణి ఊడ్చుకుని ఊరు చేర్చడం దాని పని. ఎక్కినవాడు ఒక్కడూ లేడు, సరే. కానీ ఆ బండి ఖాళీగా తిరిగివచ్చిన ఏడు కూడా ఒక్కటీ లేదు. ఈ రెండు ముక్కలూ ఏకకాలంలో నిజమయ్యేలా ఇన్నేళ్ళుగా చూసుకొస్తున్న మనిషి పేరు సోలాంజ్.

సోలాంజ్‌కి సైకిలు తొక్కడం రాదు. చిన్నప్పుడు పిన్ని కొడుకు నేర్పుతానని చెప్పి వాలు మీద వదిలేస్తే తిన్నగా వెళ్ళి దురదగొండి పొదలో పడింది. ఒళ్ళంతా బొబ్బలతో ఇంటికొచ్చి, ఇక మీదట తన కింద నాలుగు చక్రాలుంటే తప్ప గడప దాటనని తీర్మానించుకుంది. పెద్దయ్యాక ఆ మాట నిలబెట్టుకుంది. బేకరీ వ్యాను వేసుకుని, దుకాణమన్నది లేని పల్లెలన్నీ తిరిగి, ప్రతి కూడలిలో హారను కొట్టి రొట్టెలమ్మేది. ఏ ఇంటి కుక్క వ్యాను చక్రం కరవడానికి వస్తుందో, ఏ ముసలమ్మ రొట్టె మాడితేనే కొంటుందో, ఏ మలుపులో ఆవులు రోడ్డు మీదే నెమరు వేస్తాయో ఆమెకి తెలుసు. బేకరీవాళ్ళు కొత్త వ్యాను కొన్నాక పాతది సైకిలు సంఘానికి దక్కింది. దాన్ని నడపమని ఆమెని ఎవరూ అడగలేదు. సంఘం అధ్యక్షుడు ఒకనాడు సూపు తాగుతూ, "ఇంతకీ చీపురుబండి నువ్వే నడుపుతున్నావని అందరికీ చెప్పేశాను" అన్నాడు. ఆ అధ్యక్షుడు ఆమె మొగుడు, ఉర్బెన్.

మొదటి ఏడు ఆమెకి పని తెలియలేదు. చివర మిగిలినవాడు ఊరి ఆస్తిపత్రాలు రాసే నోటరీ వలాద్. మంచి భోజనప్రియుడు. సైకిలు అటు ఒకసారి ఇటు ఒకసారి కొట్టుకుంటూ, రోడ్డు వెడల్పంతా వాడుకుంటున్నాడు.

"నోటరీ గారూ, ఎక్కండి" అంది సోలాంజ్ కిటికీలోంచి.

"ఎందుకమ్మా? నేను ప్రకృతి చూస్తున్నాను."

"ఏం ప్రకృతి! కళ్ళు మూసుకుని తొక్కుతున్నారుగా!"

ఆ మాటతో ఆయన మొహం గంటు పెట్టుకుని సాయంత్రందాకా తొక్కాడు. ఆయన వెనకే ఆమె, మొదటి గేరులో. ఊళ్ళో విందు ముగిసింది, అకార్డియన్ వాయించేవాడు పెట్టె మూసుకున్నాడు, అప్పుడు చేరారు ఇద్దరూ. నోటరీ పదిరోజులు మంచం దిగలేదు. ఆ పదిరోజులూ సోలాంజ్ రొట్టెలమ్ముతూ ఒకటే ఆలోచించింది. వాళ్ళకి లేనిది బలం కాదు, ఎక్కడానికి ఒక మర్యాదైన కారణం.

మరుసటి ఏడు ఆమె బండిలో మీగడరొట్టె పెట్టుకుని బయల్దేరింది. క్రజ్ జిల్లాలో అది చెయ్యని ఇల్లుండదు. పైనా కిందా పిండిపొర, నడుమ పలచగా తరిగిన బంగాళాదుంపలు, వెల్లుల్లి. పొయ్యిలోంచి తీశాక పైపొర నడుమ చిల్లు పెట్టి గిన్నెడు మీగడ పోస్తారు. అది పీల్చుకునేదాకా ఎవరూ కదల్చకూడదు. సోలాంజ్ దాన్ని సరిగ్గా ఫలహారం మజిలీ దగ్గర పోసేది.

"నోటరీ గారూ, మీరే దిక్కు. మీగడ పోసేశాను. మలుపు తిరిగినప్పుడల్లా ఒలికిపోతోంది. ఎవరైనా కాస్త ఒళ్ళో పెట్టుకు పట్టుకుంటే..."

"మీగడా!" అన్నాడు నోటరీ. అన్నదమ్ముల పొలం పంచేటప్పుడు పెట్టే మొహం పెట్టి ఒక్క క్షణం ఆలోచించాడు. "అలాంటప్పుడు ఊరుకోకూడదు."

ఊళ్ళో బండి దిగేటప్పుడు రొట్టెని రెండు చేతులా ఎత్తిపట్టుకుని, చర్చి ఊరేగింపులో ముందు నడిచేవాడిలా నడిచాడు. ఎవరైనా ఆయన్ని ఓడిపోయాడంటారా? ఒక విందుని కాపాడాడు.

ఆ తర్వాత సోలాంజ్ చెయ్యి తిరిగిపోయింది. పశువుల డాక్టరు జినెత్‌కి మీగడ పనికిరాదు, ఆమె తెలివైనది. అందుకని, "ముందు గేటు దగ్గర ఆవులు అడ్డం పడుకున్నాయమ్మా, నా మాట వినవు, మీరైతే వింటాయి" అని ఎక్కించింది. గేటూ లేదు, ఆవులూ లేవు. జినెత్ అడగనూ లేదు. పదవీ విరమణ చేసిన పోలీసు ఒకాయనకైతే, "బ్రేకు ఏదో మూలుగుతోందండీ, మీ చెవితో ఒక్కసారి వినండి" అంది. ఆయన ఊరిదాకా చెవి వొగ్గి విన్నాడు. విని, బ్రేకులో ఏ లోపమూ లేదని తేల్చి, ఆమెకి వేగం గురించి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

ఇవన్నీ యాత్ర ముగిసిన పూట వంటింట్లో ఉర్బెన్‌కి చెప్పేది. అతను ఇళ్ళకి పలకరాయి కప్పులు వేసేవాడు. సన్నగా, పొడుగ్గా, తన నిచ్చెనలాగే ఉండేవాడు. చెంచా పక్కన పెట్టి, బల్ల గుద్ది, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వేవాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆదివారం కేఫ్‌లో నోటరీ కనబడగానే, "ఏం నోటరీ గారూ, ఒళ్ళో మీగడ ఇంకా వెచ్చగా ఉందా?" అనేవాడు. అలా ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక మాట పుట్టింది. పని సగంలో వదిలేసినవాణ్ణి, పెళ్ళి కుదిరాక వెనక్కి తగ్గినవాణ్ణి, మేయరు ఎన్నికలో ఓడినవాణ్ణి కూడా, 'మీగడ పట్టుకున్నాడు' అనడం మొదలెట్టారు. ఎవరిని అన్నా, ఆ మాట పుట్టించింది ఉర్బెన్ నాలుకే.

"నిన్ను కూడా ఎక్కిస్తాను చూడు ఒకనాడు" అనేది సోలాంజ్.

"నన్నా! పెట్టెలో పెట్టి మేకులు కొట్టాక ఎక్కించు. అంతకుముందు కాదు."

ఇక్కడ ఆ రోడ్లగురించి ఒక మాట చెప్పకపోతే ఉర్బెన్ అర్థం కాడు. ఈ దారులు బళ్ళకోసం వేసినవి కావు. పూర్వం ఈ ప్రాంతం మగవాళ్ళంతా తాపీపనికి పారిస్‌కి నడిచి వెళ్ళేవాళ్ళు, శీతాకాలానికి నడిచి వచ్చేవాళ్ళు. నడిచేవాడికి కొండ చుట్టూ తిరిగే ఓపిక ఉండదు, నెత్తి మీంచి దాటేస్తాడు. తర్వాత తారు పోసినవాళ్ళు ఆ అడుగుజాడల మీదే పోశారు. అందుకే ప్రతి దారీ నిటారుగా ఎక్కుతుంది, ఎక్కిన తప్పుకి శిక్షలా నిటారుగా దిగుతుంది. రోడ్డు నడుమ గడ్డి మొలుస్తుంది. పొద్దుటినుంచి సాయంత్రందాకా పోస్టు బండి ఒకటి, పాల లారీ ఒకటి. అవి దాటాక వినిపించేది కోకిల, ఎక్కడో రంపం, గట్టు అవతల ఆవు గడ్డి పీకే చప్పుడు. పట్నంవాళ్ళు ఈ నిశ్శబ్దంకోసం రైలెక్కి వస్తారు. ఇంత నిశ్శబ్దం మిగలడానికి కారణం ఇక్కడ మనుషులు మిగలకపోవడమే అన్న సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పరు. చెబితే సెలవు పాడవుతుంది. ఆ దారులన్నీ యాత్రకి గీసేవాడు ఉర్బెన్. ఒక్క చదునైన మైలు దొరికితే దొంగతనం చేసినట్టు సిగ్గుపడి, పక్కనున్న కొండమీదికి తిప్పేవాడు.

అలాంటివాడికి ఈ ఏడు వసంతంలో, నోటరీగారి పశువులశాల కప్పు మీద ఉండగా, ఛాతీ బిగుసుకుంది. నిచ్చెన దిగాడు కానీ ఎలా దిగాడో గుర్తులేదు. గుండె డాక్టరమ్మ తీగలన్నీ అతికించి, కాగితం మీద గీతలు చూసి, సైకిలు మానొద్దు గానీ ఎత్తులు ఎక్కొద్దంది. ఛాతీలో ఏమాత్రం పట్టేసినా ఆ క్షణమే దిగిపోవాలి, తెగించి తొక్కితే అదే చివరిది కావచ్చు అంది. ఈ మాటలన్నీ సోలాంజ్ ఎదుటే చెప్పింది. ఉర్బెన్ టోపీ తీసి చేతిలో పట్టుకుని ఒట్టేశాడు.

"అయితే ఈసారి దారిలో మోల్వీ కొండ తీసెయ్" అంది సోలాంజ్ ఇంటికొచ్చాక.

"తీసేశాను."

ఆమె బల్ల మీద పటం చూసింది. పెన్సిలు గీత నదిని దాటింది, చెస్ట్‌నట్ తోపు చుట్టూ ఒద్దికగా తిరిగింది, తిరిగి...

"ఇదేంటి?"

"అది వేరే ఎత్తు."

"అది మోల్వీ కొండే! వెనకవైపునుంచి ఎక్కుతున్నావు!"

"వెనకవైపు సంగతి డాక్టరమ్మ ఏమీ అనలేదు" అన్నాడు ఉర్బెన్, ఎంతో వినయంగా.

యాత్ర రోజు పొద్దున్న వాన పడి వెలిసింది. రోడ్లు పొగలు కక్కుతున్నాయి. ఆవపిండి రంగు చొక్కాలేసుకున్న జనం కేఫ్ ముందు గుమిగూడి ఒకరి టైర్లు ఒకరు నొక్కి చూసుకుని బయల్దేరారు. సోలాంజ్ వెనక బయల్దేరింది. ఎప్పుడూ ముందు వరసలో ఉండే ఉర్బెన్, తోరియోన్ వంతెన దగ్గరే నడుమకి వచ్చేశాడు. ఫలహారం మజిలీ దగ్గర అతను అందరినీ వీపు తట్టి, "మీరు పదండి, అధ్యక్షుడన్నవాడు వెనకుండి అందరినీ చూసుకోవాలి" అంటున్నాడు. ఇన్నేళ్ళలో ఎవరినీ చూసుకోనివాడు! సోలాంజ్ ఆ మాట విని మీగడ పోస్తున్నదల్లా ఆగి అతని మొహంలోకి చూసింది. అతను సాసేజి ముక్క నోట్లో పెట్టుకుని ఆకాశం చూశాడు.

మోల్వీ వెనకవైపు ఎత్తు మొదలైన చోట, రెండు మలుపులు దాటేసరికి ముందు చొక్కాలన్నీ మాయమైపోయాయి. ఉర్బెన్ ఒక్కడే మిగిలాడు. వ్యాను మొదటి గేరులో అతని పక్కకి చేరింది.

"ఉర్బెన్, మీగడ ఒలుకుతోంది."

అతనికి నవ్వొచ్చింది. నవ్వడానికి ఊపిరి చాలక ఆగిపోయింది. "సోలాంజ్... ఆ కథ... నాకే చెప్తావా?"

"ముందు గేటు దగ్గర ఆవులున్నాయి."

"జినెత్... ఆవులు. కొత్తవి చెప్పు."

"బ్రేకు మూలుగుతోంది."

"మూలుగుతున్నది... బ్రేకు కాదు" అన్నాడు, సైకిలు దిగాడు. దిగినవాడు చైను చూస్తున్నట్టు వంగాడు. వంగినవాడు అలాగే పక్కనున్న రాతిగోడ మీద కూర్చున్నాడు. చైను దాని చోట అది నిక్షేపంగా ఉంది.

సోలాంజ్ ఇంజను ఆపింది. అంతవరకూ ఆమె ఈ దారి మీద ఇంజను ఆపి ఎరగదు. పట్నంవాళ్ళు రైలెక్కి వచ్చే ఆ నిశ్శబ్దమంతా ఒక్కసారి కమ్ముకుంది. అందులో కోకిల కూడా లేదు. ఉర్బెన్ ఊపిరి ఒక్కటే వినబడుతోంది, తడిసిన కట్టెని రంపంతో కోస్తున్నట్టు. మొహం పలకరాయి రంగులో ఉంది. ఎడమచెయ్యి చొక్కా మీద ఊరికే పెట్టుకున్నట్టు పెట్టుకున్నాడు.

నోటరీకి చెప్పడానికి అబద్ధం దొరికింది, పోలీసుకి దొరికింది, ఊరూ పేరూ తెలియనివాళ్ళకి సైతం ఠక్కున దొరికింది. సొంత మొగుడికి చెప్పడానికి ఒక్క అబద్ధం దొరకలేదు. ఉన్న అబద్ధాలన్నీ ఎప్పుడో వంటింట్లో నవ్వుకుంటూ సూపులో ముంచుకు తినేశారు ఇద్దరూ.

ఆమె దిగి వచ్చి అతని ముందు నిలబడింది.

"ఇంక నా దగ్గరేం లేవు, ఉర్బెన్. భయమేస్తోంది. ఎక్కు."

"ఎవరికి?"

"ఎవరికేంటి? నాకు!"

అతను తలెత్తాడు. మంచు కురిసినప్పుడు, పొగమంచు పట్టినప్పుడు, ఒకసారి వ్యాను లోయ అంచున ఒక చక్రం గాల్లో పెట్టి ఆగినప్పుడు కూడా ఈ మనిషి నోట ఆ మాట వినలేదు. ఆరోజు ఇంటికొచ్చి, రొట్టెలు చితికిపోయాయని మాత్రం తిట్టింది. అతను గోడ మీద చెయ్యి ఆనించి లేచాడు.

"సైకిలు ముందు ఎక్కించు" అన్నాడు. "జాగ్రత్త. రంగు గీరుకుపోతుంది."

"ఎక్కిస్తాను."

"ఆ చీపురు విప్పెయ్."

"విప్పను."

అతను మరి వాదించలేదు. అదే ఆమెని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. డాక్టరమ్మ ఇచ్చిన మందు అతని నాలుక కింద చిమ్మి, సీటు వెనక్కి వాల్చి, కిటికీ దింపి, నెమ్మదిగా బండి కదిలించింది. "ఇటే గెరే పట్నంలో ఆసుపత్రికి పోనిస్తా" అంది. అతను వేలెత్తి, కాసేపు చూద్దామన్నాడు. ఒక మలుపు తిరిగేసరికి ఊపిరి రంపంకోత తగ్గింది. ఇంకో మలుపుకి బుగ్గల్లోకి రంగొచ్చింది. మూడో మలుపులో అతను ఉలిక్కిపడి ముందుకి వంగాడు.

"అదెవరు?"

ఎదురుగా రోడ్డు మీద ఒకడు బుట్ట కట్టిన బరువైన సైకిలుని దున్నపోతుని లాక్కెళ్ళినట్టు నెట్టుకుంటూ నడుస్తున్నాడు. పాత మిల్లు కొనుక్కుని ఊళ్ళో దిగిన హాలండు మనిషి వౌటర్. వాళ్ళ దేశంలో కొండంటే కాలవ గట్టు. నిరుడే సంఘంలో చేరాడు.

"వాడు నాకంటే ముందున్నాడా!" అన్నాడు ఉర్బెన్.

"ఉన్నాడుగా మరి. నడిచి కూడా ముందే ఉన్నాడు."

ఉర్బెన్‌కి అది మింగుడు పడలేదు.

"వాణ్ణి ఎక్కించుకోవా?" అన్నాడు.

"నేను మాట్లాడను. ఈపూటకి నా మాటలు అయిపోయాయి. నువ్వు పిలువు."

కిటికీలోంచి ఉర్బెన్ తల బయటపెట్టి, సంఘం సమావేశంలో మాట్లాడే గొంతుతో, "ఏమయ్యా వౌటర్! ఎక్కు, చచ్చిపోతావు!" అన్నాడు.

"చాలా థాంక్సండీ" అన్నాడు వౌటర్ చెమట తుడుచుకుంటూ, ఎంతో మర్యాదగా. "నేను బాగానే ఉన్నాను. ప్రకృతి చూస్తున్నాను."

"చూశావా, ప్రకృతి చూస్తున్నాడట!" ఉర్బెన్ తల లోపలికి పెట్టాడు. "ఇలాంటివాళ్ళతో ఎలా వేగుతున్నావే ఇన్నేళ్ళూ?"

సోలాంజ్ రోడ్డు చూస్తూ, పెదవులు బిగబట్టుకుని ఉంది. ఆ బిగింపు కోపంది కాదని పక్కనున్నవాడికి బాగా తెలుసు.

ఉర్బెన్ మళ్ళీ తల బయటపెట్టాడు. ఈసారి గొంతులో అధ్యక్షుడు లేడు.

"ఇదిగో, వౌటర్. విను. నాకు ఒంట్లో బాగులేదు. గుండె. అందుకని ఎక్కాను. ఇప్పుడు ఒక్కణ్ణే ఊళ్ళో దిగితే ఉంది నా పని. కేఫ్ నిండా జనం. నేను వాళ్ళని అన్నవన్నీ నీకు తెలీదు, నువ్వు కొత్తవాడివి. ఇన్నేళ్ళ బాకీ ఒక్కసారే తీర్చేస్తారు. ఇద్దరం దిగామనుకో, సగం నీకు పడుతుంది. సాయం చెయ్యి."

వౌటర్ ఆగిపోయాడు. సైకిలు హ్యాండిలు మీద మోచేతులు ఆనించి ఈ ప్రతిపాదనని అన్నివైపులనుంచీ చూశాడు.

"సగం అంటే సరిగ్గా సగమేనాండీ?"

"సరిగ్గా సగం. కావాలంటే నోటరీ చేత పంచిద్దాం."

"మీ ఆరోగ్యం ముఖ్యం" అన్నాడు వౌటర్. అని, ఆరోగ్యం సంగతి విన్నవాడికి తగనంత ఉత్సాహంగా తన సైకిలు వెనక పడేసి, రెండంగల్లో లోపలికొచ్చి కూర్చుని, బూట్లు వదులు చేసుకుని, కళ్ళు మూసుకున్నాడు.

బండి ఎత్తు ఎక్కి మోల్వీ నెత్తి మీద సమంగా నిలిచింది. అక్కడినుంచి ఊరు కనిపిస్తుంది. పలకరాయి కప్పులు వానకి తడిసి మెరుస్తున్నాయి, వాటిలో సగం ఉర్బెన్ వేసినవే. కేఫ్ ముందు ఆవపిండి రంగు చుక్కలు చుక్కలుగా జనం. ఇక్కడినుంచి వాళ్ళ కాళ్ళదాకా అంతా దిగుడే. పెడలు ఒక్కసారి తొక్కనక్కర్లేదు. టోపీ సర్దుకుని కూర్చుంటే చాలు, రోడ్డే తీసుకెళ్ళి కేఫ్ ముందు దింపుతుంది, ప్రతి ఏడూ దింపినట్టే.

ఉర్బెన్ చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్ళింది.

సోలాంజ్ చూసింది. బండి వేగం తగ్గించింది. ఆగమంటే అక్కడే ఆపగలిగేంత నెమ్మదిగా పోనిచ్చింది.

వెనకనుంచి వౌటర్ కళ్ళు తెరవకుండానే, "మీరిక్కడ దిగితే నా వాటా మొత్తం అవుతుందండీ" అన్నాడు. "మనం అనుకున్నది సగం."

తలుపు పిడి మీద వేళ్ళు ఒకటి రెండుసార్లు ఆడాయి. దిగువన ఎవరో వ్యానుని చూసినట్టున్నారు, చేతులూపుతున్నారు. ఉర్బెన్ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"గేరు మార్చవే. మూడులో వెయ్. ఇంజను ఎలా అరుస్తోందో వినపడటంలేదా? ఎవరు నేర్పారు నీకు బండి?"

సోలాంజ్ రెండో గేరులోనే, ఊళ్ళోవాళ్ళకి తీరిగ్గా చూసుకునే వీలిచ్చి, నెమ్మదిగా దించుకొచ్చింది.